చెరువు ఎంత, తూము ఎంత: రొయ్యల చెరువుకీ ఇంటికీ కరెంటు నిల్వ

పాలకొల్లు వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది, రెండు హెచ్‌పీ ఏరియేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎనిమిది ఉన్నాయి. రాత్రి కరెంటు పోతే జనరేటరే దిక్కు, డీజిల్ ఖర్చు తట్టుకోలేకపోతున్నారు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మూడేళ్లకే పోయింది. లిథియం పెట్టమని ఒకరు, ట్యూబులరే (ఇళ్లలో మామూలుగా వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ) మేలని ఇంకొకరు, మేడ మీద సోలార్ పెడితే ఏ గొడవా ఉండదని మరొకరు చెబుతున్నారట. అసలు కరెంటును ఎలా దాస్తారు, ఎన్ని రకాలున్నాయి, తనకు ఏది పనికొస్తుంది అని అడిగారు.

నేను అమలాపురం దగ్గర ముప్పై ఏళ్లుగా మోటార్లు, జనరేటర్లు, ఇన్వర్టర్ల పనే చేస్తున్నానండి. ముందు సూటిగా జవాబు చెప్పి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ఎనిమిది ఏరియేటర్లూ రాత్రంతా బ్యాటరీ మీద తిప్పాలన్న ఆలోచన ప్రస్తుతానికి మానుకోండి. రెండు ఏరియేటర్లు గంటసేపు తిరిగేలా చిన్న బ్యాటరీ పెట్టుకోవడం మాత్రం మంచిదే. ఇంటికి లిథియమా, ట్యూబులరా అన్నది మీకు కరెంటు ఎన్నిసార్లు పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక మేడ మీద మామూలు సోలార్ పెడితే కరెంటు పోగానే అది కూడా ఆగిపోతుంది. ఈ సంగతి కొనేముందు అడిగి తెలుసుకోవాలి, లేకపోతే మొదటి కరెంటు కోత రోజున తెలుస్తుంది.

కరెంటు తయారైన క్షణంలోనే ఖర్చయిపోవాలి. తీగల్లో నిల్వ ఉండదు. మీరు స్టార్టర్ నొక్కగానే ఎక్కడో ఒక టర్బైన్ మీద ఆ బరువు పడుతుంది. తయారీ, వాడకం సరిసమానంగా ఉన్నంతసేపు గ్రిడ్ (దేశమంతా కలిపిన కరెంటు లైన్ల వల) ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న అంకె, 50 హెర్ట్జ్ దగ్గర నిలబడుతుంది. వాడకం పెరిగితే ఆ అంకె దిగుతుంది, తయారీ పెరిగితే ఎక్కుతుంది. మన దేశంలో దాన్ని 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలని నియమం. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి రాజస్థాన్‌లో ఎండకీ, తమిళనాడులో గాలికీ, మీ చెరువు గట్టు మీది మోటారుకీ ఒకటే నాడి. బొగ్గు ప్లాంటు అయితే కాస్త వెనకాముందుగా మన మాట వింటుంది. ఎండా గాలీ వినవు. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతుంది, సాయంత్రం ఏడింటికి ఊరంతా లైట్లు వేసే వేళకు అది ఉండదు. ఆ మిగిలినదాన్ని ఏదో ఒక వేరే రూపంలోకి మార్చి దాచి, కావలసినప్పుడు మళ్లీ కరెంటుగా మార్చుకోవడమే నిల్వ. ఎత్తులో నిలబెట్టిన నీరు, రసాయనం, చల్లదనం, తిరిగే చక్రం, అదిమిపెట్టిన గాలి, ఇవన్నీ అలాంటి రూపాలే.

నిల్వ అంటే ఏమిటో మన డెల్టా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం కదా. కాలువ మళ్లీ వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. అప్పుడు పెద్దలు ఏమేం చూస్తారు? చెరువులో ఎన్ని నీళ్లు పడతాయి. తూములోంచి గంటకు ఎన్ని నీళ్లు వస్తాయి. ఎండకీ ఇంకుడుకీ ఎంత పోతుంది. గట్టు ఎన్నేళ్లు నిలుస్తుంది. కరెంటు నిల్వకు కూడా ఈ నాలుగు ప్రశ్నలే, ఐదోది లేదు.

చెరువులో పట్టే నీళ్లను యూనిట్లలో కొలుస్తాం. మీ మీటర్ మీద తిరిగే యూనిట్టే, దాన్నే కిలోవాట్ అవర్ అంటారు. తూములోంచి వచ్చే వేగాన్ని కిలోవాట్లలో కొలుస్తాం. ఈ రెండూ వేరువేరు సంగతులు. బ్యాటరీ కొనేటప్పుడు జనం చేసే పొరపాట్లలో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. పెద్ద చెరువుకు సన్నటి తూము పెట్టవచ్చు, అది ఎక్కువ రోజులు వస్తుంది కానీ ఒక్కసారిగా పొలమంతా తడపలేదు. చిన్న గుంటకు వెడల్పు తూము పెట్టవచ్చు, అది దబ్బున పారి అయిపోతుంది.

ఇప్పుడు మీ ఇంటి బ్యాటరీ సంగతి చూద్దాం. దాని మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంటుంది. రెండింటినీ హెచ్చిస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. అయితే ఆ 150 అన్నది సాధారణంగా ఇరవై గంటల లెక్క. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తేనే ఇరవై గంటలు వస్తుంది. మీరు నలభై ఆంపియర్లు లాగితే అంత రాదు, బాగా తగ్గుతుంది. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే త్వరగా పోతుంది. సగం వాడి సగం ఉంచుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి మీ చేతికి నికరంగా వచ్చేది 0.9 యూనిట్.

లోపల జరిగేది ఇది. ఒక వైపు సీసం పలకలు, ఇంకోవైపు సీసం ఆక్సైడ్ పలకలు, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు లాగుతున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ రెండు వైపుల పలకలకూ అంటుకుంటుంది, యాసిడ్ నీళ్లవుతుంది. చార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ పలకలను వదిలి మళ్లీ యాసిడ్‌లోకి వస్తుంది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతి ఇది, నేటికీ మన ఇళ్లలో అదే నడుస్తోంది. మెకానిక్ హైడ్రోమీటర్ ముంచి చూసేది ఆ యాసిడ్ చిక్కదనమే. నిండా చార్జి అయిన ట్యూబులర్‌లో బుడ్డి పైకి తేలి 1240, 1250 దగ్గర నిలుస్తుంది. దిగిపోయిన బ్యాటరీలో బుడ్డి కిందకు మునిగిపోతుంది. ఆరు గదుల్లో ఐదు బాగుండి ఒకటి మాత్రం మునిగితే ఆ ఒక్క గదే మొత్తం బ్యాటరీని చంపుతోందని అర్థం.

మీది మూడేళ్లకే ఎందుకు పోయిందో చూడకుండా చెప్పలేను కానీ, మన వైపు ఎక్కువగా కనబడే కారణాలు మూడు. ఒకటి, డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోయడం. సముద్రం దగ్గర మన బోర్లన్నీ ఉప్పదనం ఉన్నవే. ఉప్పులోని క్లోరైడ్ పలకల్ని తినేస్తుంది. ఒకసారి పోస్తే తిరిగి తీయలేం. రెండోది, వంటింటి పక్కన గాలాడని మూల పెట్టడం. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. చార్జి నిండాక అందులోంచి హైడ్రోజన్ కూడా వస్తుంది, గాలి తప్పనిసరిగా ఆడాలి. మూడోది, దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి అలా వదిలేయడం. పలకలకు అంటిన సల్ఫేట్ గట్టిపడి స్ఫటికాలుగా మారుతుంది, ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా వదలదు. వరద నీళ్లు వచ్చే ఊరైతే ఇంకొకటి కూడా: బ్యాటరీని నేల మీద పెట్టకండి, నడుము ఎత్తున గట్టి అరుగు కట్టించండి. లంకల్లో ప్రతి వరదకీ నీళ్లలో మునిగిన ఇన్వర్టర్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

లిథియం పద్ధతి వేరు. నర్సాపురం నుంచి గోదావరి అవతల సఖినేటిపల్లికి వెళ్లడానికి రెండు దారులున్నాయి కదా. మనిషి పంటు ఎక్కి రేవు దాటేస్తాడు, లారీ మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. లిథియం బ్యాటరీలో కూడా ఒక ఒడ్డున గ్రాఫైట్, అవతలి ఒడ్డున లిథియం ఉన్న ఇంకో పదార్థం, మధ్యలో ద్రవం. లిథియం అయాన్లు పంటు ఎక్కినట్టు ఆ ద్రవంలోంచి ఆవలి ఒడ్డుకు దాటుతాయి. ఎలక్ట్రాన్లను పంటు ఎక్కనివ్వరు. అవి బయటి తీగలోంచి చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టు దారిలోనే మీ ఫ్యాన్ ఉంది, మీ లైటు ఉంది. చార్జింగ్ పెడితే అందర్నీ మళ్లీ మొదటి ఒడ్డుకు తోలుతున్నట్టు. పలకలు కరిగి మళ్లీ పేరుకోవడం లేదు కాబట్టి అరుగుదల తక్కువ. 1991లో సోనీ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనక పనిచేసిన గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ ఇచ్చారు.

లిథియంలోనూ రకాలున్నాయి. ఇంటికీ చెరువుకీ అడగాల్సింది ఎల్ఎఫ్‌పి, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. నికెల్ కోబాల్ట్ రకం బరువు తక్కువ, కారుకీ ఫోనుకీ బాగుంటుంది, కానీ వేడెక్కితే అంటుకునే ప్రమాదం అందులో ఎక్కువ. ఇంటి మూల కదలకుండా కూర్చునే బ్యాటరీకి బరువుతో ఏం పని? ఎల్ఎఫ్‌పి ఒక్కో సెల్ 3.2 వోల్టులు. పదహారు కలిపితే 51.2 వోల్టులు, 100 ఏహెచ్ అయితే 5.12 యూనిట్ల ప్యాక్. మార్కెట్లో ఐదు కిలోవాట్ అవర్ బ్యాటరీ అని అమ్మేది ఇదే. అందులో తొంభై శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. మూడు వేల సార్లకు పైగా నింపి ఖాళీ చేయవచ్చు. పెట్టిన కరెంటులో లెడ్ యాసిడ్ ఇరవై శాతం దాకా మింగేస్తుంది, ఇది ఐదారు శాతంతో సరిపెడుతుంది. లోపల బీఎంఎస్ అని ఒక బోర్డు ఉంటుంది, ప్రతి సెల్‌నూ కాపలా కాసి ఏది తేడా వచ్చినా ఆపేస్తుంది. లిథియం బ్యాటరీ అంటే సగం సెల్స్, సగం ఈ బోర్డు. చవకగా వస్తుందని బోర్డు లేకుండా పాత సెల్స్ కట్టి ఇచ్చేవాళ్ల దగ్గర దయచేసి కొనకండి.

ఇక ఇంటి లెక్క. మూడు పాత ఫ్యాన్లు 225 వాట్లు, ఐదు ఎల్ఈడీ బల్బులు 45, వైఫై 10, మొత్తం 280. వేసవి రాత్రి నాలుగు గంటలు కరెంటు పోతే, ఇన్వర్టర్ తినేది కూడా కలిపి 1.3 యూనిట్లు కావాలి. మీ ట్యూబులర్ నికరంగా ఇచ్చేది 0.9. రోజూ దాన్ని అడుగంటా తోడుతున్నారన్నమాట. ఇక్కడ రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ అనే కొత్త రకం ఫ్యాన్ 30 వాట్లే తింటుంది. మూడూ మారిస్తే లోడు 145కి దిగుతుంది, నాలుగు గంటలకు 0.7 యూనిట్ చాలు. అలాంటి ఒక్క బ్యాటరీయే సరిపోతుంది, పైగా నెల బిల్లు కూడా తగ్గుతుంది. వారానికి రెండుసార్లు, గంటో అరగంటో కరెంటు పోయే ఊరికి ట్యూబులర్ చాలండి. రోజూ నింపి రోజూ వాడేవాళ్లకు, అంటే సోలార్ ఉన్నవాళ్లకు, లిథియమే చివరికి చవక.

ఇప్పుడు చెరువు. ఇది రాసే ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

అంతర్వేది వైపు మా బాబాయికి చెరువు ఉండేది. పంట పట్టుబడికి పది రోజులుంది. తెల్లవారుజామున మూడింటికి గాలివానకు కరెంటు పోయింది. కాపలా అబ్బాయి జనరేటర్ తాళం తిప్పితే టక్కుమని శబ్దం తప్ప ఇంజన్ తిరగలేదు. మళ్లీ తిప్పాడు, మళ్లీ టక్. బాబాయి నాకు ఫోన్ చేశాడు. నేను వ్యాన్ బ్యాటరీతో, కేబుళ్లతో వానలో బయల్దేరి వెళ్లేసరికి ఐదు కావొస్తోంది. టార్చి వేసి చూస్తే గట్టు వారంతా రొయ్యలు పైకి వచ్చి ఉన్నాయి. అప్పటికే అడుగున చనిపోయినవి ఎన్నో పొద్దున్న వల వేశాక తెలిసింది. దాదాపు పంటంతా పోయింది.

ఆ జనరేటర్ స్టార్టింగ్ బ్యాటరీని అంతకు వారం ముందు నేనే చూశాను. మీటర్ పెడితే 12.5 వోల్టులు చూపించింది, బాగానే ఉంది బాబాయ్ అని చెప్పి వచ్చాను. ఆ రాత్రి మళ్లీ మీటర్ పెట్టి తాళం తిప్పించాను. 12.4 ఉన్నది ఒక్కసారిగా ఏడుకు పడిపోయింది. చెరువులో నీళ్లున్నాయి, తూము పూడిపోయింది. పలకల మీద సల్ఫేట్ గట్టిపడితే జరిగేది అదే: ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ నిండుగా కనిపిస్తుంది, గట్టిగా లాగితే ఏమీ రాదు. స్టార్టర్ మోటారుకు కావలసింది రెండు మూడు సెకన్లే, కానీ ఆ కాసేపట్లో వందల ఆంపియర్లు కావాలి. అప్పటి నుంచి నేను బరువు వేయకుండా ఏ బ్యాటరీనీ బాగుందని చెప్పలేదు.

తెల్లవారుజామునే ఎందుకు ముప్పంటే, పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. అదంతా నీళ్లలో నిల్వ ఉంటుంది. రాత్రి నాచు, రొయ్య, అడుగు మట్టి, అన్నీ కలిసి ఆ నిల్వనే తింటాయి. పొద్దు పొడిచే ముందు అది అట్టడుగుకు చేరుతుంది. మూడు పీపీఎం (లీటరుకు మూడు మిల్లీగ్రాములు) కిందకు దిగితే రొయ్య తట్టుకోలేదు. అందుకే కరెంటు పోవడం ఒకటే అయినా రాత్రి పదింటికి పోయేదీ నాలుగింటికి పోయేదీ ఒకటి కాదు.

మీ లెక్క: రెండు హెచ్‌పీ అంటే ఒకటిన్నర కిలోవాట్. ఎనిమిదికి పన్నెండు, మోటారు నష్టాలు కలిపితే సుమారు పద్నాలుగు కిలోవాట్లు. ఐదు గంటలకు డెబ్బై యూనిట్లు. ఇన్వర్టర్ నష్టం పోను ఐదు యూనిట్ల లిథియం ప్యాక్ నికరంగా 4.2 ఇస్తుంది అనుకుంటే పదిహేడు ప్యాక్‌లు కావాలి. 150 ఏహెచ్ ట్యూబులర్లయితే ఎనభై పైచిలుకు. అదే జనరేటర్ లీటరు డీజిల్‌కు మూడు యూనిట్ల చొప్పున ఇస్తుంది, ఇరవై నాలుగు లీటర్లు చాలు. డీజిల్ డబ్బా కూడా ఒక నిల్వే. ఎప్పుడో అవసరమైనప్పుడు గంటల తరబడి పనిచేయాల్సిన చోట దాన్ని కొట్టే బ్యాటరీ ఇంకా మన అందుబాటులోకి రాలేదు. మీరు డీజిల్ మీద కోపంతో ఆ పని బ్యాటరీకి ఇస్తే నష్టపోయేది మీరే.

మరి బ్యాటరీకి ఏ పని ఇవ్వాలి? జనరేటర్ మొరాయించిన మొదటి గంట. రెండు ఏరియేటర్లు మూడున్నర కిలోవాట్లు, గంటకు మూడున్నర యూనిట్లు. ఒక్క ప్యాక్ సరిపోతుంది. ఎనిమిదీ ఇరవై నిమిషాలు తిప్పితే కూడా ఐదు యూనిట్ల లోపే కదా, ఒక్క ప్యాక్ చాలదా అని మీకు అనిపించవచ్చు. చెరువు చాలు, తూము చాలదు. ఆ ప్యాక్ వంద ఆంపియర్ల పరిమితిలో ఇవ్వగలిగేది సుమారు ఐదు కిలోవాట్లు, మీరు అడిగేది పద్నాలుగు. పైగా మోటారు డైరెక్ట్‌గా స్టార్ట్ అయితే మొదటి క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. అందుకని మీ త్రీఫేజ్ మోటార్లకు సరిపడే ఇన్వర్టర్, మెల్లగా ఎక్కించే సాఫ్ట్ స్టార్టర్ లేదా మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టించుకుని, ఏరియేటర్లను ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవాలి. దీనితోపాటు ఆక్సిజన్ గుళికల డబ్బా గట్టు మీద ఉండాలి. మీకు కావలసింది కరెంటు కాదు కదండీ, నీళ్లలో ఆక్సిజన్. ఆ గుళిక ఆక్సిజన్‌నే నేరుగా నిల్వ చేసి పెట్టింది. ఏ వస్తువు కావాలో ఆ వస్తువుగానే దాచుకోగలిగితే అన్నిటికన్నా చవక. మోటారుతో మేడ మీద ట్యాంకు నింపుకునేది అందుకే కదా. రాత్రి మోటారు తిప్పడానికి బ్యాటరీ పెట్టుకోవడం కన్నా ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టుకోవడం మేలు.

ఈ మాటకు మన ఐసు ఫ్యాక్టరీలను మించిన ఉదాహరణ లేదు. భీమవరం, ఆకివీడు వైపు ఉప్పునీళ్ల తొట్లలో డబ్బాలు దించి దిమ్మలు తీస్తారు. టన్ను ఐసు కరిగేటప్పుడు 93 యూనిట్ల వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ తిరిగిన కరెంటు చల్లదనం రూపంలో ఆ దిమ్మలో ఉందన్నమాట. ఆ ఐసు దంచి చేపల పెట్టెల్లో వేస్తే హౌరా దాకా, గౌహతి దాకా లారీ వెళ్లిపోతుంది. దారిలో ఎక్కడా ప్లగ్గు పెట్టనక్కర్లేదు. పెద్ద పెద్ద భవనాల్లో రాత్రి ఐసు చేసి పగలు దానితో ఏసీ నడిపే పద్ధతి కూడా ఇదే సూత్రం మీద ఉంది. వేడిని దాచే పద్ధతీ ఉంది. కొన్ని ఎడారి దేశాల్లో అద్దాలతో ఎండను ఒకచోటికి తిప్పి, ఉప్పును కరిగించి దాచి, రాత్రి ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతున్నారు.

దేశానికి కరెంటు దాచే పెద్ద నిల్వ మాత్రం నీళ్లే. మిగులు కరెంటుతో నీళ్లను కొండ మీది జలాశయానికి ఎత్తి, కావలసినప్పుడు టర్బైన్ల మీదుగా కిందికి వదిలే పద్ధతి, పంప్డ్ స్టోరేజ్. నూరు యూనిట్లు పెడితే డెబ్బై అయిదు, ఎనభై తిరిగి వస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి, 900 మెగావాట్లు. ఒకే యంత్రం ఇటు తిరిగితే టర్బైన్, అటు తిరిగితే పంపు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఏడున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల ప్రాజెక్టు నదితో సంబంధం లేకుండా పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయంతో కట్టారు. ఒకసారి నింపిన నీరే పైకీ కిందికీ తిరుగుతుంది. మన గోదావరి బేసిన్‌లో అయితే సీలేరు కొండల్లో 1350 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు.

అదే మన డెల్టాలో ఎందుకు కుదరదో ఒక లెక్కతో చూడండి. వెయ్యి లీటర్ల నీళ్లను 367 మీటర్లు ఎత్తితే ఒక్క యూనిట్ దాచినట్టు. మీ మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే అందులో ఉన్నది 27 వాట్ అవర్లు. ఒక తొమ్మిది వాట్ల బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. మీ ఏరియేటర్ల డెబ్బై యూనిట్లు పది మీటర్ల ఎత్తులో దాచాలంటే దాదాపు 26 లక్షల లీటర్లు ఎత్తాలి. నలభై సెంట్ల చెరువులో ఐదడుగుల నీళ్లన్నీ మూడంతస్తుల పైకి తోడినట్టు. దవళేశ్వరం బ్యారేజీ దగ్గర నిలబెట్టే నీటిమట్టమే సముద్రం మీద పద్నాలుగు మీటర్ల లోపు. ఆ కొద్దిపాటి వాలుతోనే కాటన్ దొర మన పొలాలన్నిటికీ నీళ్లు పారించాడు. పొలం పారడానికి అంత వాలు చాలు, కరెంటు దాచడానికి కొండ కావాలి.

మిగతా రకాలు క్లుప్తంగా. పాత రైసు మిల్లుల్లో ఆయిల్ ఇంజన్ పక్కన మనిషెత్తు ఇనప చక్రం గుర్తుందా? పిస్టన్ దెబ్బకూ దెబ్బకూ మధ్య మిల్లు ఆగకుండా లాక్కెళ్లేది అదే. ఫ్లైవీల్ నిల్వ అంటే అదే చక్రం, గాలి తీసేసిన పెట్టెలో నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. సెకన్లు, నిమిషాల పాటు గ్రిడ్ తడబాటును సర్దడానికి బాగుంటుంది. సూపర్ కెపాసిటర్లు కూడా అంతే: తూము చాలా వెడల్పు, చెరువు మాత్రం దోసెడు. గాలిని భూమిలోపలి ఉప్పు గుహల్లోకి అదిమి దాచే ప్లాంటు జర్మనీలో హంటార్ఫ్ దగ్గర 1978 నుంచి నడుస్తోంది, అమెరికాలో అలబామాలో 1991 నుంచి ఇంకొకటి. అలాంటి గుహలు దొరికిన చోటే అది కుదురుతుంది. హైడ్రోజన్‌ను నీళ్ల నుంచి విడదీసి దాచి మళ్లీ కరెంటు చేసుకోవచ్చు. కానీ పెట్టిన దానిలో మూడో వంతు, మహా అయితే నలభై శాతం చేతికొస్తుంది. ఎరువులకూ ఫ్యాక్టరీలకూ హైడ్రోజన్‌గానే వాడుకుంటే సరే, ఇంటి కరెంటుకు అది దారి కాదని నా అభిప్రాయం.

ఫ్లో బ్యాటరీ గురించి మాత్రం ఒక మాట ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చెరువూ తూమూ అందులో నిజంగానే వేరువేరుగా ఉంటాయి. వనేడియం కలిపిన రెండు ద్రావణాలు రెండు ట్యాంకుల్లో ఉంటాయి. పంపులతో వాటిని మధ్యలో ఒక యూనిట్‌లోకి పంపితే కరెంటు వస్తుంది. ఎక్కువ గంటలు కావాలంటే ట్యాంకులు పెంచుకోవాలి, ఎక్కువ కిలోవాట్లు కావాలంటే మధ్య యూనిట్ పెంచుకోవాలి. 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మరియా స్కిల్లాస్ కజకోస్ బృందం దీన్ని తయారుచేసింది. బరువు, చోటు ఎక్కువ కాబట్టి ఇళ్లకు రాలేదు. సోడియం అయాన్ బ్యాటరీలు కూడా వస్తున్నాయి, లిథియం పంటులో సోడియంను ఎక్కించినట్టు. ముడిసరుకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వాటి మీద నాకు ఆశ ఉంది.

గ్రిడ్‌కు పెద్ద లిథియం బ్యాటరీలు పెట్టడం ఇప్పుడు ఊపందుకుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2016లో రాష్ట్రమంతా చీకటైపోయాక, 2017లో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్లు, 129 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు. ఆ రెండు అంకెలూ చూడండి, తూము నిండా తెరిస్తే గంటా పావులో ఖాళీ. అయినా ఫ్రీక్వెన్సీ జారిన క్షణంలోనే అందుకోవడంలో దానికి సాటి లేదు.

చివరిగా మేడ మీద సోలార్. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్‌లో బ్యాటరీ ఉండదు. పగలు మిగిలింది లైన్లోకి పంపుతారు, రాత్రి లైన్ నుంచి తీసుకుంటారు, నెట్ మీటర్ లెక్క సరిచేస్తుంది. గ్రిడ్ మన కరెంటు దాచి ఇచ్చినట్టు అనిపిస్తుంది కానీ అక్కడ దాచింది లెక్క మాత్రమే. మీరు మధ్యాహ్నం పంపింది పక్కింట్లో అప్పుడే ఖర్చయిపోయింది. లైన్లో కరెంటు పోతే మీ సోలార్ ఇన్వర్టర్ కూడా వెంటనే ఆగిపోవాలి. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగలకూడదు కదా. కరెంటు లేనప్పుడు కూడా సోలార్ పనిచేయాలంటే, లైన్ లేకపోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ కావాలి. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. బిల్లు తగ్గడానికి అది మంచి పథకం, పెట్టించుకోండి. కానీ ఫ్యాన్ తిరగడం వేరు, బిల్లు తగ్గడం వేరు అని గుర్తుంచుకుని పెట్టించుకోండి.

మీ చోట నేనుంటే ఈ వరుసలో చేస్తాను. ముందు ఇంట్లో ఫ్యాన్లు మారుస్తాను. తర్వాత చెరువు దగ్గర రెండు ఏరియేటర్లకు ఒక ఎల్ఎఫ్‌పి ప్యాక్, కరెంటు పోగానే ఫోన్ మోగే అలారం పెడతాను. జనరేటర్ ఉంచుకుంటాను. సోలార్ ఆ తర్వాత.

అన్నిటికన్నా ముందు, ఇది చదివిన రోజే ఒక పని చేయండి. మల్టీమీటర్ తీసుకుని జనరేటర్ స్టార్టింగ్ బ్యాటరీకి పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 చుట్టుపక్కల ఉండాలి. కొడుకునో తమ్ముడినో తాళం తిప్పమని, ఆ రెండు మూడు సెకన్లు కన్ను మీటర్ మీదే ఉంచండి. 9.6 కంటే కిందికి పడితే ఆ బ్యాటరీ మార్చేయండి, ఇంజన్ స్టార్ట్ అయినా సరే. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే, తీగలు విప్పి వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వాజలిన్ రాయండి. మన ఉప్పుగాలికి అది రెండు నెలలకోసారి చేయాలి. మీటర్ చూపిన ఆ రెండు వోల్టేజీలూ, మీ ఏరియేటర్ మోటారు ప్లేటు మీది ఆంపియర్లూ, జనరేటర్ సామర్థ్యం ఎన్ని కేవీఏనో రాసి పంపండి. ఏ సైజు ఇన్వర్టర్ కావాలో లెక్క వేసి చెబుతాను.